డేరా టాకీసు – డాక్టరు పట్టము



నాది నల్లగొండ జిల్లా నకిరేకల్. బాల్యమున అమరము, శబ్దమంజరి వల్లించి, పిదప ప్రాచ్య కళాశాలలో చదివి, ముప్పదియారు సంవత్సరములు తెలుగు పండితుడనుగా పాఠములు చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున నున్నవాడను. ఛందస్సును గూర్చియో, శతకములను గూర్చియో మాటాడుమన్న నాకు సులువు. కాని నేటి ప్రసంగ విషయము సినిమా. సినిమా చూచుట గాదు. సినిమాపై విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి డాక్టరు పట్టము పొందుట. ఇది నాకెట్లు తటస్థించినదో మొదట చెప్పవలెను.

2023 వేసవిలో ఒకనాటి ప్రొద్దున మా తమ్ముడు నిమ్మకాయల బస్తాలు మార్కెట్టులో దింపి నేరుగా మా యింటికి వచ్చెను. ముఖము వాడియున్నది. ధర పలుకలేదేమో యనుకొంటిని. "ధర సంగతి గాదన్నా, పిల్ల డాక్టరు చదువుతనంటున్నది" అనెను. సంతోషమే గదా యంటిని. "సూదిమందు డాక్టరైతే నేనెందుకొస్త? సినిమాల డాక్టరట! ఇంకో అయిదేండ్లు పడ్తదట. ఇరువై నాలుగేండ్ల పిల్ల. సంబంధాలొస్తున్నయి. నువ్వు చెప్తే వింటది" అని నా చేతులు పట్టుకొనెను.

నిజము చెప్పవలెనన్న నాకును ఆ మాట రుచింపలేదు. నేను బడిలో ఉన్నన్నాళ్లు సినిమాను శత్రువుగా నెంచినవాడను. ఉత్తరీయము భుజముపై వేసికొని, పిల్లకు బుద్ధి చెప్పుటకే బయలుదేరితిని.

"అమ్మా, పరిశోధింపదగినది మన వాఙ్మయమున ఎంతయో మిగిలియున్నది. తాళపత్రములు చెదలపాలగుచున్నవి. మానవల్లి రామకృష్ణకవి గారు తంజావూరు గ్రంథాలయమునుండి నన్నెచోడుని కుమారసంభవమును వెలికితీసి 1909లో ముద్రింపకున్న ఆ కవి పేరే మనకు తెలియకపోవును. అట్టి పని యుండగా ఈ బొమ్మలాట నీకేల?" అని అడిగితిని.

ఆ పిల్ల వాదింపలేదు. లోనికి పోయి ఒక పుస్తకము తెచ్చి నా చేతిలో పెట్టెను. అది సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. పదవ తరగతి ప్యాసయిన నాడు నేనే బహుమానముగా ఇచ్చిన ప్రతి. "పెద్దనాయనా, ఈయన ఈ పుస్తకమునకు ఆధారములు ఎక్కడినుండి తెచ్చిరి?" అని అడిగెను.

మన పాలమూరు సీమ పండితుడు 1949లో వెలువరించిన ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగున తొలి బహుమతి నిచ్చినది. అంతకు ముందు చరిత్ర యనిన రాజులు, యుద్ధములు, శాసనములు. ఆయన యట్లు గాక క్రీడాభిరామము, హంసవింశతి, పండితారాధ్య చరిత్రము వంటివి ముందు వేసికొని, ఆ కాలపు జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏయే ఆటలాడిరి, సంతలో ఏమి కొనిరి అని ఏరుకొనుచు పోయెను. పెద్దలు నీతిబాహ్యములని ప్రక్కకు నెట్టిన కావ్యములే ఆయనకు ఎక్కువగా అక్కరకు వచ్చినవి. ఈ సంగతి నేనే పిల్లలకు ఎన్నోమార్లు చెప్పియుంటిని.

"నూరేండ్ల పిమ్మట మన ఊరివారు దేనికి నవ్విరో, దేనికి ఏడ్చిరో, పిల్లలకు ఎవరి పేర్లు పెట్టుకొనిరో తెలిసికొనగోరిన వానికి హంసవింశతి ఏది, పెద్దనాయనా?" అని అడిగెను.

సమాధానము నాకు తోచలేదు. చాయ త్రాగి ఇంటికి వచ్చితిని. మా తమ్ముడు వీధి చివరివరకు నా వెంట నడిచి, "చెప్పినవా?" అని అడుగగా, "ఇంకొక దినము చెప్పెదను" అని తప్పించుకొంటిని. ఆ దినము రాలేదు.

ఈ చదువు సంగతి కొంత వివరింతును. మీ యిండ్లలోను ఇట్టి ప్రశ్న రావచ్చును. సినిమా తీయుట నేర్పు విద్య వేరు. సినిమాను గూర్చి విచారించు విద్య వేరు. మొదటిది శిల్పము వంటిది, రెండవది అలంకారశాస్త్రమును, చరిత్రమును కలిసినట్టిది. మన దేశమున కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమున 1993లో దీనికై ప్రత్యేక శాఖ ఏర్పడినది. మన హైదరాబాదులో ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయమునను, హైదరాబాదు విశ్వవిద్యాలయమునను ఇట్టి పరిశోధనకు చోటున్నది. మనవారిలో ఎస్. వి. శ్రీనివాస్ గారు తెలుగు సినిమా అభిమాన సంఘములను, తారలను, రాజకీయములను గూర్చి పరిశోధించి గ్రంథములు వ్రాసిరి. తెలుగు సినిమా సాంఘిక చరిత్రయని 2013లో వెలువడిన ఆయన గ్రంథమును ఈ పిల్ల భగవద్గీతవలె తలాపున పెట్టుకొనును.

పద్ధతి యేమనగా: ఎం.ఏ. చదివి, ప్రవేశ పరీక్షయో, నెట్ అను జాతీయ పరీక్షయో గెలిచి, తానేమి వెదకదలచెనో కొన్ని పుటలలో వ్రాసి, పెద్దల యెదుట కూర్చుండి సమాధానములు చెప్పవలెను. చేరిన పిమ్మట పరిశోధన పద్ధతులు, ప్రచురణలో నీతి అనునవి పాఠములుగా చదువవలెను. ఒక గురువు మార్గదర్శిగా నుండును. ఆరు నెలలకొకసారి సంఘము ముందు లెక్క చెప్పవలెను. 2022 నిబంధనల ప్రకారము తక్కువలో తక్కువ మూడేండ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేండ్లు; అవసరమైన మరల నమోదు చేసికొని రెండేండ్లు పొడిగించుకొనవచ్చును. స్త్రీలకు ఆపైన మరి రెండేండ్ల సడలింపును, ప్రసూతికి, శిశుపోషణకు 240 దినముల సెలవును కలవు. పెండ్లి యైన చదువు ఆగునని భయపడు తండ్రులు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

మా తమ్ముని నోరు మూయించినది మాత్రము నా పాండిత్యము గాదు. నెట్ పరీక్షలో ఉన్నత శ్రేణిలో నెగ్గిన పరిశోధకులకు 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్లు గడచి పని సంతృప్తికరమైనచో 42,000 రూపాయలు ప్రభుత్వమే యిచ్చును. ఈ పిల్లకు ఆ వేతనము వచ్చెను. "సినిమాలు చూసినందుకు జీతమా!" అని మా తమ్ముడు వారము దినములు మార్కెట్టులో అందరికిని చెప్పుకొనెను. అయితే ఒక్క సంగతి దాచరాదు. ఈ పట్టము రాగానే ఉద్యోగము వాకిట నిలువదు. అధ్యాపక పదవులు కొద్ది, పోటీ హెచ్చు. అది తెలిసియే చేరవలెను. అందరికిని ఆ వేతనమును దొరకదు. అది లేనివాడు ఇంటి బలముమీదనే నడువవలెను.

ఇక ఈ పరిశోధన యెట్లుండునో ఒక్క ఉదాహరణము. తెలుగున తొలి మాటల చిత్రము భక్తప్రహ్లాద, దర్శకుడు హెచ్. ఎం. రెడ్డి గారు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలయినదని ఏండ్ల తరబడి అందరును వ్రాసిరి. ఆ తేదీన ఉత్సవములును చేసికొనిరి. ఒకరు వ్రాసినది చూచి మరియొకరు వ్రాయుట, ముగ్గురు వ్రాసిన పిమ్మట అది ప్రమాణమగుట మన సాహిత్యచరిత్రలోను ఉన్న వ్యాధియే గదా! పాత్రికేయుడు రెంటాల జయదేవ గారు ఆనాటి పత్రికలు, ప్రకటనలు, 1932 జనవరి నాటి సెన్సారు వివరములు వెదకి, ఆ చిత్రము 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయినదని నిరూపించిరి. సెన్సారు కాకముందే చిత్రము విడుదలగుట యెట్లు? ఇంత చిన్న ప్రశ్న ఎనుబదియేండ్లు ఎవరికిని తోచలేదు. శాసనము చూచి కవి కాలము నిర్ణయించు పనికిని దీనికిని నాకు భేదము కనబడలేదు.

ఆ చిత్రమే మిగిలియున్న ఇంత శ్రమ లేదు. భక్తప్రహ్లాద ప్రతి ఒక్కటియు నేడు లేదు. మన దేశమున పదమూడు వందలకు పైగా మూకీ చిత్రములు తీసిరి. నేడు చూడ దొరకునవి ముప్పదికి మించవు, అందును కొన్ని తునుకలే. ఆ కాలపు ఫిల్ము నైట్రేటుతో చేసినది. తాటియాకుకన్న త్వరగా నశించును, నిప్పు తగిలిన భగ్గున మండును. 2003 జనవరిలో పూణేలో అగ్ని ప్రమాదమున ఇట్టి పాత చిత్రములు ఎన్నో కాలిపోయినవి. తరువాతి కాలపు ఫిల్ము మండదు గాని, వేడికిని తేమకును కుళ్లి పులిసిన వాసన కొట్టుచు ముడుచుకొనిపోవును. మన ప్రభుత్వము జాతీయ చలనచిత్ర భాండాగారమును 1964లో గాని స్థాపింపలేదు. దానికి పి. కె. నాయర్ గారు ఊరూర తిరిగి డబ్బాలు సేకరించిరి. ఓరుగల్లు గుడుల రాళ్లు ఏడెనిమిది వందల యేండ్లు నిలిచియుండగా, మా తాతగారు యౌవనమున చూచిన చిత్రము నాకు చూడ దొరకదు.

మన హైదరాబాదుకును పాత చరిత్ర కలదు. ధీరేంద్రనాథ గంగూలీ అను వంగీయుడు 1922లో ఇక్కడికి వచ్చి లోటస్ అను సంస్థ పెట్టి మూకీలు తీసెను. 1924లో రజియా బేగం చిత్రము ప్రదర్శింపగా నిజాము ప్రభుత్వమునకు కోపము వచ్చి ఆయన నగరము విడువవలసి వచ్చెను.

నా తప్పు నొకటి ఇక్కడనే ఒప్పుకొనవలెను. మా భూమి సినిమా మీలో చాలమంది చూచియుందురు. తెలంగాణ రైతుల సాయుధ పోరాటముపై తీసినది, 1980లో విడుదలయినది. దానికి ఆధారము సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో వ్రాసిన మా భూమి నాటకమని నేను ఇరువది యేండ్లు తరగతిలో చెప్పితిని. పేరొక్కటే గదా! పిల్ల నవ్వి, "కాదు పెద్దనాయనా, కృష్ణ చందర్ ఉర్దూలో వ్రాసిన నవల దీనికి మూలము, తీసినవారు మన బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ గార్లు, దర్శకుడు వంగదేశపు గౌతం ఘోష్" అని చెప్పెను. మన జిల్లా కథ పంజాబీ రచయిత కలమున ఉర్దూ నవలయై, వంగీయుని చేత తెలుగు చిత్రమయినది. ఇంతటి విషయము మన ముంగిట నుండగా నేను పేరు చూచి పొరబడితిని.

ఆ పిల్ల ఎన్నుకొన్నది తారలను గాదు. నల్లగొండ పల్లెలలో తిరిగిన డేరా టాకీసులు ఆమె విషయము. ఎవరు వచ్చిరి, ఎక్కడ కూర్చుండిరి, ఏమి చెల్లించిరి, ఆడువారు ఏ ప్రక్క నుండిరి అని. నా బాల్యమున కోతలయిన పొలములో డేరా వేయుదురు. సాయంకాలము మైకులో పాట వినబడగానే చుట్టుప్రక్కల పల్లెలనుండి బండ్లు కట్టుకొని వచ్చెడివారు. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు గారి కత్తియుద్ధమున్నదనిన నేల టికెట్టు దొరుకుట కష్టము. ముందు నేల, వెనుక బెంచీ, ఆ వెనుక కుర్చీ.

ఇందులో ఏమున్నదని నేను అడిగితిని. సింహళమునకు చెందిన తమిళ పండితుడు శివతంబి గారు 1981లో ఒక మాట వ్రాసిరట: తమిళదేశమున అన్ని కులములవారు ఒకే కప్పుక్రింద కూర్చుండి చూచిన తొలి ప్రదర్శనశాల సినిమా కొట్టమే యని. మన ఊళ్లలో భాగవతము ఆడినచో ఎవరు ఎంత దూరమున కూర్చుండవలెనో అడుగకయే అందరికిని తెలియును. డేరాలో మాత్రము టికెట్టు కొన్నవానిని లెమ్మను అధికారము ఎవరికిని లేదు. అయినను నేను చూచినది నేను చెప్పవలెను. నేలలో పక్కవాడు తాకునని కుర్చీకి పోయినవారును ఉండిరి. దూరము పైకముతో కొనుక్కొనిరి. నేనట్లు చెప్పగా ఆ పిల్ల వెంటనే వ్రాసికొనెను. "ఇది శివతంబి గారి మాటకు మన జిల్లా సవరణ" అనెను. నాకు లోలోపల గర్వము కలిగినదని ఒప్పుకొనుచున్నాను.

గత సంవత్సరము ఆమె, "పెద్దనాయనా, మూసీ ఒడ్డున ఒక పల్లెలో డేరా టాకీసులో మిషను నడిపిన ఆపరేటరు ఉన్నాడు, మీరును రండి" అనగా వెంట పోయితిని. ఏబది దాటిన మనిషి. పిల్ల ప్రశ్నలడుగుచుండగా చక్కగా చెప్పుచుండెను. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషములు నడచునట. ఫిల్ము తెగినప్పుడు అంచు గీకి జిగురుతో అతుకుటలో ఒకటి రెండు బొమ్మలు పోవునట. సెకనుకు ఇరువదినాలుగు బొమ్మలు గనుక చూచువారికి తెలియదట. "ఊరూరు తిరిగి మా దగ్గరికొచ్చేటాలకు కొన్ని పాటలే ఉండకపోయేటివి" అనెను. దానిని మేము గ్రంథపాతమందుము అని నేననగా ఆయన నా వంక చూచి, "సారూ, నన్ను గుర్తుపట్టలేదా?" అనెను.

గుర్తుపట్టలేదు. ఆయన పేరు చెప్పగానే కాళ్లు చల్లబడినవి. 1986లో తొమ్మిదవ తరగతి పిల్లవాడు. ఫీజు సొమ్ముతో డేరాకు పోయి మాయాబజారు రెండు రాత్రులు వరుసగా చూచెను. ప్రార్థన వేళ అందరి యెదుట చింతబరికతో కొట్టితిని. మరునాటినుండి బడికి రాలేదు. సినిమా ఒక పిల్లవానిని చెరచినదని చెప్పుటకు ఏండ్ల తరబడి ఆ కథనే ఉదాహరణముగా వాడుకొంటిని.

అతడు లోపలనుండి ఒక రేకు పెట్టె తెచ్చెను. అందులో పదకొండు నోటు పుస్తకములు. 1987 మొదలు 1998 వరకు ఆడిన ప్రతి ఆట, తేది, ఊరు, చిత్రము పేరు, రీళ్లెన్ని, అతుకులెన్ని, నేలకెంత, బెంచీకెంత, కుర్చీకెంత వచ్చినది, వాన పడినదా, కరెంటు పోయినదా, అన్నియు వ్రాసియున్నవి. గుండ్రని అక్షరములు. ఒక్క వత్తు తప్పలేదు. ఎవరు వ్రాయుమనిరని పిల్ల అడిగెను. "ఎవరూ అనలేదమ్మా. చదువు పోయింది, రాతన్న పోవద్దని" అనెను.

నేను క్షమింపుమని అడిగితిని. "దెబ్బలు ఎప్పుడో మర్చిన సారూ. గని ఆ ఫీజు పైసలు మా అమ్మ కూలికి పోయి తెచ్చినయి. అది మర్వలేదు" అని మాత్రము చెప్పెను. ఎవరి తప్పు ఎంతయని అతడు పంచలేదు, నేనును అడుగలేదు.

మాటలు పట్టు యంత్రము అంతసేపు నడుచుచునే యున్నది. ఈ పరిశోధనలో ఒక నియమము కలదు: మాట చెప్పినవాని సమ్మతి వ్రాతపూర్వకముగా లేనిది ఆ మాట వాడరాదు. పిల్ల సమ్మతి పత్రములు రెండు తీసెను. ఒకటి అతనికి, ఒకటి నాకు. "మీ సంగతి వద్దన్న తీసివేసెదను పెద్దనాయనా" అనెను. అతడు అక్కడనే సంతకము చేసెను. నేను కాగితము ఇంటికి తెచ్చి రెండు రాత్రులు దిండుక్రింద పెట్టుకొంటిని. డేరాను ప్రేమించినవారినే గాక, డేరా పేరిట పిల్లలను కొట్టినవారినిగూడ చెప్పని చరిత్ర సగము చరిత్ర యగును గదా. మూడవ దినమున సంతకము చేసి పంపితిని. గ్రంథమున "ఒక తెలుగు పండితుడు" అని యుండును. ఆ పండితుడు ఎవరో మీకు నేడు తెలిసినది.

ఆ పదకొండు పుస్తకములలో రెండింటిని చెదలు సగము తినినవి. 1991, 1992 సంవత్సరముల పుటలు జల్లెడలైనవి. పిల్ల ప్రతి పుటకును ఫోనుతో బొమ్మ తీసికొని, పుస్తకములు అతనికే తిరిగి యిచ్చెను. నేను వేపాకు నడుమ పెట్టి గుడ్డలో కట్టి యిచ్చితిని. ఆమె ఇప్పుడు గ్రంథము వ్రాయుచున్నది. ఇంకను ఏడాది పట్టును. ఆ రెండు సంవత్సరముల ఖాళీ మాత్రము పూడలేదు.

కనుక మీ యటకలపై పాత పాటల పుస్తకములు, డేరా టాకీసు కరపత్రములు, చినిగిన టికెట్టు ముక్కలు, గోడకాగితములు ఉన్నచో పాత కాగితముల వానికి తూకమున వేయకుడు. మీ ఊర మిషను నడిపినవాడు, టికెట్టు చించినవాడు, మైకు కట్టిన బండి తోలినవాడు బ్రదికియున్నచో వాని పేరు, వాడు చెప్పిన మాట ఒక కాగితముపై వ్రాసియుంచుడు. తేది వేయుట మరువకుడు. 1991, 1992లలో మన తాలూకాలలో డేరా ఎక్కడెక్కడ వేసిరో తెలిసినవారున్న మరియు మంచిది.

ఇక సెలవు.